శనివారం రండి

నాకు ముక్కు మీద కోపం. దాచుకోవడం ఎందుకు, పదకొండు వేలమందికి తెలిసిన సంగతే. కుట్టుపని చేసేవాళ్ళ కోసం ఆన్‌లైన్లో మేం పెట్టుకున్న గ్రూపులో అంతమంది ఉన్నారు. మిషన్ ఊరికూరికే దారం తెంపుతోందనీ, కాలరు మెడ దగ్గర లేస్తోందనీ అడిగేవాళ్ళు అడుగుతారు, తెలిసినవాళ్ళు చెబుతారు. దాన్ని శుభ్రంగా ఉంచే పని నాది. శుభోదయం బొమ్మలు పెడితే తీసేస్తాను. రాజకీయాలు మాట్లాడితే తీసేస్తాను. పనికి సంబంధం లేని ముక్క ఏది కనబడినా వెనకాముందూ చూడను. అందుకే అక్కడ నన్ను కత్తెరమ్మ అంటారు. మొదట చాటుగా అనుకునేవాళ్ళు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు. నేనూ ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే కొంచెం గొప్పగానే ఉండేది.

ఆ మంగళవారం పొద్దున పదింటికి కొట్టులో ఒక కోటు చేతులు పొట్టి చెయ్యడానికి విప్పుతున్నాను. మాది ఇరుకు కొట్టు. రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, నిలువుటద్దం, కిటికీ దగ్గర ఎత్తుపీట. ఆ పీట మీద మా అత్తగారు. ఆవిడకి డెబ్బై ఎనిమిది. బొత్తాలూ హుక్కులూ ఆవిడ వంతు. సూదిలో దారం ఇప్పటికీ తనే ఎక్కించుకుంటుంది, ఎవరైనా సాయం చేస్తానంటే నాలుగు చివాట్లు పెడుతుంది. మాకిద్దరికీ పడుతుంది, ఎందుకంటే ఇద్దరివీ ఒకలాంటి నోళ్ళే.

బల్ల మీద ఫోను మోగింది. గ్రూపులో కొత్త పోస్టు. మడత పెట్టిన నల్ల బట్ట మీద ఒక కత్తెర ఫోటో, దాని కింద రెండు వాక్యాలు. "పది అంగుళాల కత్తెర, నిన్ననే సాన పట్టించాను. పని వచ్చిన చేతికి ఊరికే ఇస్తాను." పెట్టింది కాజా అనే సభ్యుడు. చేత్తో బొత్తాల కాజాలు కుట్టడంలో అతన్ని మించినవాడు మా గ్రూపులో లేడు, అందుకే ఆ పేరు పెట్టుకున్నాడు. అసలు పేరు ఎవరికీ తెలియదు.

వస్తువులు అమ్ముకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం మా దగ్గర శనివారాలు మాత్రమే. మంగళవారం నాడు ఈ గోలేమిటని పోస్టు తీసేసి, నేను ఎప్పుడూ పంపే ముక్కే పంపాను. "శనివారం రండి."

వెంటనే జవాబొచ్చింది. "శనివారం దాకా కుదరదండి. క్షమించండి."

ఏం రాచకార్యాలున్నాయో అనుకుని ఫోను బోర్లా పెట్టేశాను. కోటు ముందేసుకున్నాను. కానీ చేతులాడలేదు. సుద్దతో గీసిన గీత వంకర పోయింది. దులిపి మళ్ళీ గీశాను, మళ్ళీ వంకరే. టేపు మెళ్ళో వేసుకుని టేపు కోసం బల్లంతా వెతికాను. దేని మీదో తెలియని చిరాకు.

"ఏంటమ్మాయ్, ఆ కోటు నీకేం అపకారం చేసింది?" అంది అత్తగారు.

"ఏం లేదత్తయ్యా. ఎవరో మహానుభావుడు తన కత్తెర ఊరికే ఇచ్చేస్తాట్ట. శనివారం రమ్మంటే అప్పటిదాకా కుదరదంటున్నాడు. ఎక్కడికి పోతాడో."

ఆవిడ సూది ఆగింది. "సాన పట్టించాడా?"

"నిన్ననే పట్టించాట్ట. మీకెలా తెలుసు?"

"మీ మామయ్యా పట్టించాడు" అంది. మళ్ళీ బొత్తం మీదకి తల వంచింది కానీ సూది కదల్లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా పనిలో కత్తెర ఇంకొకరికి ఇవ్వరు. సూది ఇస్తారు, టేపు ఇస్తారు, అవసరమైతే మిషన్ మీద కూర్చోనిస్తారు. కత్తెర మాత్రం ఇవ్వరు. ఒక చేతికి అలవాటు పడ్డ కత్తెర ఇంకో చేతిలో నలిగితే దాని పదును తీరే మారిపోతుంది. ఒకసారి మా ఆయన నా కత్తెరతో కాగితం కత్తిరించాడు, రెండు రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. అలాంటి కత్తెర మా మామగారు పందొమ్మిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం నా చేతిలో పెట్టాడు. కొత్తగా సాన పట్టించి, పాత గుడ్డలో చుట్టి ఇచ్చాడు. నా చేతికి బరువైపోయిందమ్మా, నువ్వు వాడుకో అన్నాడు. నేను ఉబ్బితబ్బిబ్బయిపోయాను. ఇంతకాలానికి నన్ను పనిమంతురాలిగా ఒప్పుకున్నాడని రెండు రోజులు కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. మూడోరోజు ఆయన లేడు.

గుండె ఆగిపోయిందని అందరికీ చెప్పింది అత్తగారు. అది అబద్ధమని ఆవిడకి తెలుసు, నాకు తెలుసు, మా ఆయనకి తెలుసు. ఒకే గదిలో కూర్చుని పందొమ్మిదేళ్ళు అన్నం తిన్నాం, ముగ్గురిలో ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. ఆ కత్తెరతోనే నేను రోజూ బట్టలు కత్తిరిస్తున్నాను.

ఫోను తిప్పి చూశాను. "శనివారం దాకా కుదరదండి."

కాజాకి రాశాను. ఎక్కడున్నారు అని, ఫోను నంబరు ఇవ్వండి అని, పోస్టు మళ్ళీ పెట్టుకోండి అని. ఒక్కదానికీ జవాబు లేదు. అతని పాత పోస్టులు తీశాను. మూడేళ్ళుగా ఎవరేమడిగినా ఓపిగ్గా చెప్పినవాడు. కొత్తగా నేర్చుకుంటున్న ఒకామెకి కాజా అంచు ఎలా చుట్టాలో తొమ్మిది ఫోటోలు తీసి పెట్టాడు. నాలుగు నెలల నుంచి ఏమీ లేదు. అంత మనిషి ఒక్కసారిగా ఎందుకు నోరు మూసుకున్నాడా అని, తీసేసిన పోస్టుల పట్టిక తెరిచాను. అది మా ఇద్దరికే కనబడుతుంది. నాకూ, నాతోపాటు గ్రూపు చూసుకునే ప్యాంట్ల మాస్టారికీ.

నోరు మూసుకోలేదు. నేను మూయించాను.

నాలుగు నెలల కిందట: "కుడిచెయ్యి వణుకుతోంది. కుట్టేవాళ్ళలో ఇంకెవరికైనా ఇలా ఉందా? ఎలా నెట్టుకొస్తున్నారు?" తీసేసింది నేను. కారణం, ఆరోగ్య విషయాలు ఇక్కడ వద్దు. రెండు నెలల కిందట: "ఇవాళ ఫ్యాక్టరీలో నా బల్ల ఖాళీ చేయించారు. ఇరవై రెండేళ్ళు కూర్చున్నాను." తీసేసింది నేను. కారణం, పనికి సంబంధం లేదు. ఇరవై రెండేళ్ళు కూర్చున్న బల్ల పనికి సంబంధం లేదట. పోయిన వారం: "ఎవరైనా కాసేపు మాట్లాడతారా?" దానికి కారణం కూడా రాయలేదు నేను. నాలుగోది ఇవాళ్టి కత్తెర.

నా మీద నాకే అసహ్యం వేసింది. ఏడుద్దామంటే అంత తీరిక లేదు. ప్యాంట్ల మాస్టారికి ఫోను చేశాను. అతను వేరే ఊళ్ళో ఉంటాడు, నెమ్మదస్తుడు, నేను పది మాటలంటే ఒకటి అంటాడు. అంతా విని, "అక్కా, నువ్వు మనిషిని వెతుకు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో చెప్పే సహాయవాణి ఉంటుంది, నేను దానికి చేస్తా" అన్నాడు.

గ్రూపులో నేనే పోస్టు పెట్టాను. "ఇది నియమాలకి విరుద్ధమని నాకు తెలుసు. కాజా గురించి ఎవరికి ఏం తెలిసినా వెంటనే నాకు ఫోను చెయ్యండి. అతను ఏమైనా చేసుకుంటాడేమోనని భయంగా ఉంది." కింద కత్తెర ఫోటో, నా నంబరు.

ఇక కాళ్ళు ఒకచోట నిలవలేదు. బల్ల దగ్గర నుంచి అద్దం దాకా, అద్దం దగ్గర నుంచి తలుపు దాకా. ఒకామె జిప్పు వేయించుకుందామని వస్తే రేపు రమ్మన్నాను. గుమ్మం దాటకుండానే పంపేశానని ఆమెకి కోపమొచ్చింది, రానీ అనుకున్నాను. ఫోను చూడ్డం, పెట్టడం, మళ్ళీ తియ్యడం. జవాబులు వస్తూనే ఉన్నాయి. అయ్యో పాపం అన్నవాళ్ళు, మంచి మనిషండీ అన్నవాళ్ళు. ఒకడు మాత్రం, "కత్తెరమ్మా, ఈ పోస్టు మీరే తీసేసుకుంటారా, మమ్మల్ని తియ్యమంటారా?" అని పెట్టాడు. మామూలు రోజైతే వాణ్ణి గ్రూపులోంచే గెంటేసేదాన్ని. ఆ రోజు వాడి మాట నాకు తగిన శాస్తే అనిపించింది.

"కూర్చో" అంది అత్తగారు.

"కూర్చోలేను."

"అయితే నా ముందు తిరక్కు. కళ్ళు తిరుగుతున్నాయి." అలా అంటూనే తనూ పీట దిగి నా పక్కకొచ్చి నిలబడింది.

పదకొండున్నరకి ఫోను మోగింది. కొత్త నంబరు.

"అమ్మా, గ్రూపులో మీ పోస్టు చూశాను, నేను సాన పట్టేవాణ్ణి. ఫోటోలో ఆ కత్తెర నడుమ మేకు మీద ఎర్రచుక్క ఉంది చూడండి, అది నేను పెట్టిందే. పట్టిన ప్రతి కత్తెరకీ పెడతా, మళ్ళీ వస్తే పదును ఎన్నాళ్ళు ఆగిందో తెలియాలని. నిన్న సాయంత్రం పట్టించుకెళ్ళాడాయన. చీటీ మీద ఆయన నంబరు నా దగ్గరుంది."

"మనిషి ఎలా ఉన్నాడు?"

"మామూలుగానే ఉన్నాడమ్మా. కత్తెర మాత్రం రెండు చేతులతో తీసుకున్నాడు. చెయ్యి వణుకుతోంది. ఆయన ఉండేది మా షాపు నుంచి రెండు వీధుల అవతలే. షట్టర్ దించేస్తున్నా, వెళ్తున్నా."

నంబరు రాసుకునేలోపు మాస్టారి సందేశం వచ్చింది. "అక్కా, సహాయవాణి వాళ్ళు చెప్పారు. సూటిగా అడగమన్నారు, అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదట. ఒంటరిగా వదలొద్దన్నారు. నంబరు దొరికితే ఇవ్వు, వాళ్ళూ మాట్లాడతారు."

నేను నొక్కిన నంబరు చాలాసేపు మోగింది. చివరికి ఎత్తాడు.

"నేను గ్రూపు నుంచి, కత్తెరమ్మని" అన్నాను.

మెల్లగా, "పోస్టు తీసేశారు కదండీ. నేను మళ్ళీ పెట్టలేదు" అన్నాడు.

తిట్టడానికి చేశాననుకున్నాడు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

"పోస్టు సంగతి వదిలెయ్యండి. ఒకటడుగుతాను, సూటిగా చెప్పండి. చచ్చిపోదామనుకుంటున్నారా?"

"అవునండి." కొలత చెప్పినట్టు చెప్పాడు.

"ఇవాళేనా?"

"చీకటిపడే లోపు అనుకున్నాను. కత్తెర ఒక్కటి ఎవరికైనా అప్పజెప్పేస్తే పనైపోతుందని."

"ఇప్పుడెక్కడున్నారు?"

"గదిలో."

"తలుపు తీసి బయటికొచ్చి మెట్ల మీద కూర్చోండి."

"ఎందుకండి?"

"నేను చెప్తున్నాను కాబట్టి. గదిలో ఒక్కరూ ఉండొద్దు."

గడియ తీసిన చప్పుడు వినబడింది. తర్వాత వీధి చప్పుడు. మాట వినే మనిషి. నాలుగుసార్లు పొమ్మంటే పోయాడు, ఇప్పుడు రమ్మంటే వచ్చాడు. అది తలుచుకుంటే నాకు ఏడుపాగలేదు.

"నువ్వు పెట్టినవన్నీ ఇప్పుడు చదివాను" అన్నాను. మీరు కాస్తా నువ్వు అయిపోయింది, ఎప్పుడయిందో నాకే తెలియదు. "అన్నీ తీసేసింది నేనే. నాది తప్పు. చెయ్యి వణుకుతోందని అడిగిన మనిషిని బయటికి నెట్టాను."

"మీ నియమం మీది కదండీ. నేనేం అనుకోలేదు. ఇంకో చోటుకి వెళ్ళాను. ఆన్‌లైన్లోనే. అక్కడందరూ నాలాంటివాళ్ళే. ఏం రాసినా ఉంచుతారు, ఎవరూ తీసెయ్యరు."

"ఏమంటారక్కడ?"

"చాలా మర్యాదగా మాట్లాడతారండి. నీ ఇష్టం అంటారు. అర్థమైందంటారు. నెల రోజులుగా అక్కడే ఉంటున్నాను."

"ఆగమని ఎవరూ అనలేదా?"

"లేదండి."

నేను మొహం మీద తలుపేసిన మనిషికి, చీకట్లోకి దారి చూపించేవాళ్ళు తలుపు తీసి కుర్చీ వేశారు. నేను చెయ్యలేని మర్యాద వాళ్ళు చేశారు.

"నాకు మర్యాద తెలియదు. ఆగు అంటున్నా. శనివారం దాకా ఆగు" అన్నాను. ఇంతకంటే మంచి మాట ఆ క్షణాన నాకు తట్టలేదు.

"శనివారానికి ఏం మారుతుందండి? చెయ్యి ఇదే. గుక్కెడు నీళ్ళు తాగితే సగం చొక్కా మీదే. మా అక్కకి బాగానే ఉన్నానని చెప్తాను, రోజూ. మీరొక్క సాయం చెయ్యండి. కత్తెర మీరు తీసుకోండి. మీ చేతికైతే నాకు దిగులుండదు."

నేను నోరు తెరిచేలోపు అత్తగారు చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వు" అంది. ఫోను చెవికి పెట్టుకోవడం ఆవిడకి ఇష్టముండదు, అరచేతిలో పళ్ళెంలా పట్టుకుంది. నేను స్పీకరు పెట్టాను.

"నాయనా, నేను ఈవిడ అత్తగార్ని. మా ఆయన కూడా కుట్టేవాడే. కత్తెర సాన పట్టించి కోడలికిచ్చి, మూడోనాడు తనంతట తనే ప్రాణం తీసుకున్నాడు. గుండెపోటని చెప్పాను లోకానికి. ఈ మాట పైకి అనడం ఇదే మొదలు."

నేను గోడకి ఆనుకున్నాను. పందొమ్మిదేళ్ళ మాట అంత మామూలుగా బయటికొచ్చేసింది.

"ఆ కత్తెర ఇచ్చేటప్పుడు నేను అక్కడే ఉన్నా. ఇదిగో, ఈ కిటికీ దగ్గరే, బొత్తాలు కుడుతూ. ఎందుకిస్తున్నావయ్యా అని ఒక్క మాట అడగలేదు. పని చేసుకోవడానికి కాబోలనుకున్నా. అప్పట్నించీ రోజూ అడుగుతూనే ఉన్నా, చెప్పే మనిషి లేడు. నువ్వున్నావు. నువ్వు చెప్పు. నీ కత్తెర ఎందుకిచ్చేస్తున్నావు?"

అతను ఏడవడం మొదలుపెట్టాడు. పెద్దగా ఏడ్చాడు, పసివాళ్ళు ఏడ్చినట్టు. ఆవిడ మధ్యలో ఊరుకో అనలేదు. ఏడుపులోంచే ఒక్కొక్కటీ చెప్పాడు. మొదటిసారి సూది జారిన రోజు. వణుకు కనబడకుండా మణికట్టుకి గుడ్డ కట్టుకుని కూర్చున్న నెలలు. తను నేర్పినవాళ్ళే తన పని విప్పి మళ్ళీ కుట్టడం. "చెయ్యి లేనివాణ్ణి నేనేం మనిషినండీ" అన్నాడు. "ఊఁ" అంది అత్తగారు. "ఇంకా చెప్పు" అంది. ఆవిడ అంత ఓపిగ్గా ఎవరి మాటైనా వినడం నేను చూడలేదు. నన్నయితే రెండో వాక్యానికే ఆపేస్తుంది.

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. "అన్నా, నేను. కత్తెర సాన పట్టినవాణ్ణి. పక్కన కూర్చోనా?" అని ఎవరో అడిగారు. అతను కూర్చోమన్నాడు. ఆ మాట విన్నాక నేను నేల మీదే కూలబడిపోయాను.

తర్వాతవి గబగబా చెప్పేస్తాను. సహాయవాణి వాళ్ళు అతనితో గంటసేపు మాట్లాడారు. సాన పట్టేవాడు ఆ రోజంతా షాపు తెరవలేదు, అతన్ని విడిచి కదల్లేదు. సాయంత్రానికి కాజా అక్క వచ్చింది, ఆమే, సాన పట్టేవాడూ కలిసి అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. చేతికీ మందుందన్నారు, మనసుకీ ఉందన్నారు, దేనికీ తొందరపడొద్దన్నారు. కత్తెర అక్క తన దగ్గర పెట్టుకుంది. అతనికిప్పుడే ఇవ్వదట, ఇంకెవరికీ ఇవ్వదట.

బుధవారం నాకు నిద్ర లేదు, గురువారం లేదు. లారీ తోలే మా ఆయన ఇంటికొస్తే, మీ నాన్న సంగతి అత్తయ్య పైకి అనేసిందని చెప్పాను. మంచి పని చేసిందన్నాడు, స్నానాల గదిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. శుక్రవారం గ్రూపు నియమాలు తిరగరాద్దామని కూర్చున్నాను. రాసిందల్లా కొట్టేస్తుంటే అత్తగారు విసుక్కుంది. "కత్తెర ఇస్తానన్నవాణ్ణి ముందు ఎందుకని అడగాలి. అది రాయి. మిగతావి నీ ఇష్టం." అదే మొదటి నియమంగా పెట్టాను.

శనివారం తెల్లారింది. కొట్టు తెరిచినప్పటి నుంచీ ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. ఒకరు పాత మిషను పెట్టారు, ఒకరు బొత్తాల డబ్బా. పదకొండు అయింది, పన్నెండు అయింది. ఆసుపత్రిలో ఉన్న మనిషి ఎందుకొస్తాడు, వచ్చి ఏం చేస్తాడు అని నాకు నేనే చెప్పుకున్నాను. అతని అక్కకి పొద్దున్నే ఫోను చేశాను కూడా, టిఫిను తిన్నాడంది. అయినా కుదురు లేదు. అత్తగారు కూడా ఒకే బొత్తం రెండుసార్లు కుట్టింది.

ఒంటిగంటకి వచ్చింది. ఫోటో లేదు. "ఇవాళ శనివారం. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. ఊరికే వచ్చాను" అని రాశాడు కాజా.

అత్తగారికి చదివి వినిపించాను. రెండోసారి కూడా చదవమంది.

అప్పుడే ప్యాంట్ల మాస్టారి సందేశం వచ్చింది, పాపం అతనికీ నియమాలంటే భయమే. "అక్కా, ఇది పనికి సంబంధించింది కాదు కదా. ఉంచనా, తీసెయ్యనా?"

దాని మీద చెయ్యి వేశావంటే నీ చెయ్యి విరిచేస్తానని రాసి, కోటు ముందేసుకున్నాను.